ఏ ఏటి అలీ, ఏ నియమాల బరి

వేర్వేరు కాలాల్లో ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ విజేతలుగా వెలిగిన ఇద్దరిని ఊహలో ఒకే బరిలోకి దింపి, గెలుపు ఎవరిదో తేల్చాలన్న వాదం తరతరాలుగా ఆ క్రీడ వెంటే నడుస్తోంది. హెవీవెయిట్ అంటే బరువుకు పైహద్దు లేని తరగతి. మిగిలిన తరగతుల్లో బాక్సరు ఇన్ని కిలోలు మించకూడదన్న కట్టుబాటు ఉంటుంది కనుక తలపడే ఇద్దరి శరీరాలూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. ఈ ఒక్క తరగతిలో మాత్రం 85 కిలోల మనిషి 110 కిలోల మనిషిని ఎదుర్కోవలసి రావచ్చు, అలా ఎదుర్కొని గెలిచిన సందర్భాలూ ఉన్నాయి. లోకం మొత్తంలో పిడికిలి బలానికి ఎదురులేని మనిషి ఎవరన్న ప్రశ్నకు జవాబు ఈ తరగతి విజేతలోనే ఉందని జనం నమ్మడం వల్ల, ఆ బిరుదు మోసినవారి మధ్య పోలిక మిగతా తరగతుల్లో కంటే ఎక్కువ ఆవేశంతో సాగుతుంది. 1952 నుంచి 1956 వరకు విజేతగా ఉండి, తన 49 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా తప్పుకున్న రాకీ మార్సియానో, 1964లో తొలిసారి ఆ బిరుదు గెలిచిన ముహమ్మద్ అలీ ఎదురెదురుగా నిలిస్తే ఏమయ్యేదన్నది వాటిలో అందరూ ఎరిగిన ప్రశ్న. అది కాలక్షేపానికి అడిగే ప్రశ్నగా కనిపించినా జవాబు చెప్పదగినదే. అయితే ఏ ఏటి అలీ, ఏ నియమాల కింద, ఎన్ని రౌండ్ల పోటీ అన్నవి ముందుగా స్థిరపడాలి. అవి స్థిరపడని చోట వాదించే ఇద్దరూ రెండు వేర్వేరు పోటీల గురించి మాట్లాడుతున్నట్టే.

హైదరాబాదు తూర్పు కొసన ఈ వాదం క్రికెట్ రూపంలో నిత్యం వినిపిస్తుంది. నాగోల్‌లో బయలుదేరే మెట్రో రైలుకు నాగోల్, ఉప్పల్ దాటాక వచ్చే స్టేషన్ పేరే స్టేడియం; ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజున ఆ దారిన వెళ్లే అభిమానుల మధ్య, నేటి హైదరాబాదీ బౌలరు సిరాజ్ వేసే బంతిని ఒకప్పటి హైదరాబాదీ బ్యాటరు అజారుద్దీన్ తన మణికట్టుతో ఎటు తిప్పి ఉండేవాడన్న మాట సహజంగానే వస్తుంది. అజారుద్దీన్ చివరి టెస్టు 2000లో ముగిసింది, ఉప్పల్‌లో మొదటి అంతర్జాతీయ వన్డే 2005 నవంబరులో జరిగింది. అందువల్ల ఆ మైదానంలో అతడు భారత జట్టు తరఫున ఒక్కసారీ బ్యాటు పట్టలేదు. అక్కడ 2010లో జరిగిన తొలి టెస్టులో 74 పరుగులు చేసిన మరో హైదరాబాదీ బ్యాటరు లక్ష్మణ్‌కు మాత్రం ఆ అవకాశం దక్కింది. అయినా క్రికెట్‌లో ఇలాంటి పోలికకు ఒక ఆధారం ఉంది: ఒక ఆటగాడు తన కాలపు తోటివారి కంటే ఎంత ఎత్తున నిలిచాడో అంకెల్లో చూడవచ్చు, బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94 అన్న ఒక్క అంకె ఎన్నో వాదాలను ముగిస్తుంది. బాక్సింగ్‌లో ఆ వీలు లేదు. మార్సియానో జీవితమంతటిలో ప్రపంచ బిరుదు కోసం తలపడింది ఏడు పోటీల్లోనే. ఏడు సందర్భాల నుంచి సగటు తీయడంలో అర్థం ఉండదు. కాబట్టి బాక్సింగ్ వాదనకు అంకెల కంటే పోటీ తీరును చదివే ఓపిక ఎక్కువ కావాలి.

తెలుగువారికి ఇటువంటి ఊహ కొత్తది కాదు. వ్యాసభారతంలో లేని కృష్ణార్జునుల పోరును చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం నాటకంగా రాయగా అది ఊరూరా ఆడింది. అదే కథ 1963లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో, కృష్ణుడిగా ఎన్.టి. రామారావు, అర్జునుడిగా అక్కినేని నాగేశ్వరరావు నటించగా శ్రీకృష్ణార్జున యుద్ధము సినిమాగా వచ్చింది. శరణు కోరినవాడిని కాపాడతానన్న మాట ఒకరిది, చంపుతానన్న ప్రతిజ్ఞ మరొకరిది కావడంతో ఇద్దరు మిత్రులు ఆయుధాలు పట్టవలసి వస్తుంది; చివరకు ఎవరూ ఓడకుండానే పోరు ఆగుతుంది. అయితే కృష్ణార్జునులు ఒకే కాలపు వారు. వేర్వేరు యుగాల వీరులు నిజంగా ఎదురుపడిన ఘట్టం మహాభారత అరణ్యపర్వంలో ఉంది. సౌగంధిక పుష్పం కోసం బయలుదేరిన భీముడికి దారిలో అడ్డంగా పడుకున్న హనుమంతుడు తారసపడతాడు, ద్వాపరయుగపు బలశాలి త్రేతాయుగపు బలశాలి తోకను కదిలించలేకపోతాడు. బలాబలాలు అక్కడితో తేలిపోయినా, ఆ తరువాతి సంభాషణ ఈ ప్రసంగానికి మరింత ముఖ్యం. సముద్రం దాటిన నాటి రూపం చూపమని భీముడు కోరినప్పుడు హనుమంతుడు వెంటనే ఒప్పుకోడు. ఆ కాలం వేరు, ఈ కాలం వేరు, యుగాన్ని బట్టి దేహాలూ బలాలూ ధర్మాలూ మారుతాయి, తానూ కాలాన్ని అనుసరించే ఉంటానని చెప్పి, నాలుగు యుగాల స్వభావాన్ని వివరించిన తరువాతే ఆ రూపం చూపుతాడు. పోలికకు ముందు కాలపు పరిస్థితులను విడమరచి చెప్పాలన్న పద్ధతి ఇంతకంటే తేటగా మరెక్కడా కనిపించదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వాదాన్ని యంత్రానికి అప్పగించిన ప్రయత్నం ఒకటి రేడియోలోనే మొదలైంది. 1967లో అమెరికాలో మరే వొరోనర్ అనే నిర్మాత, పదహారు మంది హెవీవెయిట్ యోధుల బలాలను, బలహీనతలను బాక్సింగ్ ఎరిగినవారి అంచనాల ఆధారంగా అంకెలుగా మార్చి కంప్యూటరుకు ఇచ్చి, వచ్చిన ఫలితాలను నిజమైన పోటీల వ్యాఖ్యానంలా ప్రసారం చేశాడు. శ్రోత చెవితో విని మనసులో బరిని కట్టుకునే ప్రసార మాధ్యమానికి ఎన్నడూ జరగని పోటీ చక్కగా ఒదిగింది. చివరి పోటీలో మార్సియానో 1919 నాటి విజేత జాక్ డెంప్సీని ఓడించాడు. అలీ అంతకు ముందే, ఆ శతాబ్దపు తొలినాళ్ల విజేత జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు కంప్యూటరు తేల్చింది. అప్పటికే వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని చెప్పి బిరుదునూ పోటీ చేసే అనుమతినీ పోగొట్టుకున్న అలీ దీన్ని అవమానంగా భావించి, 10 లక్షల డాలర్లకు పరువునష్టం దావా వేశాడు. ఆ వివాదం రాజీతో ముగిసి, అలీ, మార్సియానో ఇద్దరూ కెమెరా ముందు పోటీని నటించడానికి ఒప్పుకున్నారు.

ఆ చిత్రీకరణ 1969 వేసవిలో మయామీలో జరిగింది. పద్నాలుగేళ్లుగా బరికి దూరంగా ఉన్న, 45 ఏళ్ల మార్సియానో దానికోసం ఒళ్లు బాగా తగ్గించుకుని, నెత్తిన విగ్గు పెట్టుకుని నిలబడ్డాడు. ఒక నిమిషం చొప్పున డెబ్భైకి పైగా రౌండ్లు తీసి, రకరకాల ముగింపులు చిత్రీకరించి, ఏది చూపించాలో చివరి దాకా రహస్యంగా ఉంచారు. మూడు వారాలు గడిచాయో లేదో, ఆగస్టు 31న విమాన ప్రమాదంలో మార్సియానో చనిపోయాడు; ఆ సినిమాలో ఎవరు గెలిచారో అతడికి తెలియనే లేదు. 1970 జనవరి 20న అమెరికా థియేటర్లలో చూపిన ప్రతిలో పదమూడో రౌండులో మార్సియానో అలీని పడగొట్టాడు. ఐరోపా ప్రేక్షకులకు చూపిన ప్రతిలో అలీ గెలిచాడు. యంత్రం ఇచ్చిన తీర్పు సముద్రం దాటగానే మారిపోయిందంటే అది యంత్రం తీర్పు కానే కాదు. అంకెలు ఎవరు ఇచ్చారో, ఏ ప్రేక్షకుల కోసం ఇచ్చారో వారి ఇష్టమే ఫలితంగా బయటికి వచ్చింది. అంతకంటే బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. అలీకి బరి మూసుకుపోయిన కాలం 1967 మార్చి నుంచి 1970 అక్టోబరు వరకు, అంటే అతడి 25వ ఏడు నుంచి 28వ ఏడు వరకు. బాక్సరు కాళ్లూ చేతులూ పరిణతి పొందే ఆ వయసులో అలీ ఎలా పోరాడేవాడో చూపే నిజమైన పోటీ ఒక్కటీ లేదు. ఆ ఖాళీలో మిగిలింది ఈ నటించిన పోటీ మాత్రమే. అలీ గురించి చెప్పే ఏ ఊహాపోరులోనైనా ఈ మూడున్నరేళ్ల లోటును ముందుగా ఒప్పుకోవలసి ఉంటుంది.

కాలాల మధ్య పోటీలు నిజంగానే జరిగాయి కదా, ఊహ దేనికన్న ప్రశ్న ఇక్కడ సహజం. 1937 నుంచి దాదాపు పన్నెండేళ్ల పాటు బిరుదు నిలుపుకుని 25 సార్లు దానిని కాపాడుకున్న జో లూయిస్, తప్పుకున్న తరువాత మళ్లీ వచ్చి 1951 అక్టోబరులో మార్సియానో చేతిలో ఎనిమిదో రౌండులో పడిపోయాడు. అప్పటికి లూయిస్ వయసు 37. 1980లో 38 ఏళ్ల అలీని, ఒకప్పుడు అతడికే సాధనలో తోడుగా ఉన్న లారీ హోమ్స్ పది రౌండ్ల పాటు కొట్టగా అలీ పక్షం వారే పోటీ ఆపించారు. అదే హోమ్స్ 38వ ఏట, 1988 జనవరిలో, 21 ఏళ్ల మైక్ టైసన్ ముందు నాలుగో రౌండులో కూలాడు. ఈ మూడు పోటీలనూ ఒక గొలుసుగా చేర్చి, ప్రతి తరం తన ముందు తరాన్ని మించుతుందని వాదించేవారు ఉన్నారు. అది పొరపాటు. ఈ పోటీల్లో తలపడినవి రెండు కాలాలు కావు, రెండు వయసులు. గొలుసును మరో కొసన పట్టుకుంటే వాదం తలకిందులవుతుంది: 1974లో కిన్షాసాలో అలీ చేతిలో ఓడిన జార్జ్ ఫోర్‌మన్, 1994 నవంబరులో తన 45వ ఏట, 26 ఏళ్ల విజేత మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడగొట్టి మళ్లీ ప్రపంచ విజేత అయ్యాడు. దీన్నిబట్టి 1970ల వారే గొప్పవారని చెప్పడమూ తగదు. ఆ రాత్రి అప్పటి దాకా లెక్కల్లో వెనకబడి ఉన్న ఫోర్‌మన్‌ను గెలిపించింది ఒక్క కుడిచేతి గుద్దు. బాక్సరుకు వయసుతో ముందుగా తగ్గేది కాళ్ల చురుకు, చివరగా తగ్గేది దెబ్బ బలం. ఫోర్‌మన్ విజయం ఆ సంగతికి సాక్ష్యం, అతడి తరానికి కాదు.

నియమాల సంగతి ఇంతకంటే ముఖ్యం, అభిమానుల వాదాల్లో ఎక్కువగా విస్మరించేదీ అదే. క్వీన్స్‌బెరీ నియమాలు అన్న పేరుతో 1867లో వెలువడిన కట్టుబాట్లు మూడు నిమిషాల రౌండునూ, మధ్య నిమిషం విశ్రాంతినీ, చేతికి గ్లౌజులనూ, పడినవాడు లేవడానికి పది సెకన్ల గడువునూ స్థిరపరిచాయి. అంతకు ముందు ఉత్తచేతుల పోటీలో ఒకరు పడితేనే రౌండు ముగిసేది, పోటీకి ఇన్ని రౌండ్లన్న హద్దు ఉండేది కాదు. 1889లో జాన్ ఎల్. సలివన్ 75 రౌండ్ల తరువాత జేక్ కిల్‌రెయిన్‌ను ఓడించింది ఆ పాత పద్ధతిలోనే. మూడేళ్లకు అదే సలివన్ గ్లౌజులు తొడుక్కుని, అడుగులు వేస్తూ దెబ్బ తప్పించుకునే జిమ్ కార్బెట్ చేతిలో ఓడాడు. గ్లౌజు వచ్చాక తలకు కొట్టడం పెరిగింది, ఎందుకంటే ఉత్తచేతితో నుదుటి ఎముకను కొడితే కొట్టినవాడి వేళ్లే విరుగుతాయి. ఆ తరువాత ప్రపంచ బిరుదు పోటీలు కొన్ని 45 రౌండ్లకు, ఎక్కువ భాగం 15 రౌండ్లకు నిర్ణయమై, 1980ల్లో 12 రౌండ్లకు దిగాయి. 1982 నవంబరులో రే మాన్సినీతో 14వ రౌండు దాకా పోరాడి కోమాలోకి వెళ్లిన కొరియా యోధుడు కిమ్ డుక్ కూ కొన్ని రోజులకే మరణించడం ఈ మార్పుకు ప్రధాన కారణం.

ఈ మూడు రౌండ్ల తేడా చరిత్రనే తిరగరాయగలదని రెండు పోటీలు చూపుతాయి. 1941 జూన్ 18న న్యూయార్క్‌లో జో లూయిస్‌ను ఎదుర్కొన్న బిల్లీ కాన్, హెవీవెయిట్ కంటే తక్కువ బరువు తరగతి నుంచి పైకి వచ్చిన చురుకైన బాక్సరు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి నిర్ణేతలు ముగ్గురిలో ఇద్దరి లెక్కలో అతడే ముందున్నాడు, మూడో లెక్క సమానంగా ఉంది. పదమూడో రౌండులో తప్పించుకు తిరగడం మాని ఎదురుగా నిలిచి కొట్టబోయి, ఆ రౌండు మరో రెండు సెకన్లలో ముగుస్తుందనగా పడిపోయాడు. నేటి 12 రౌండ్ల నియమం అప్పుడుంటే లూయిస్ ఆ రాత్రి బిరుదు పోగొట్టుకునేవాడు, 25 సార్లు కాపాడుకున్న ఘనత ఉండేదే కాదు. 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్ మీద మార్సియానో తొలిసారి బిరుదు గెలిచినప్పుడూ అంతే. పన్నెండు రౌండ్ల తరువాత ముగ్గురు నిర్ణేతల లెక్కలోనూ వెనకబడి ఉన్న మార్సియానో పదమూడో రౌండులో కొట్టిన ఒక్క కుడిచేతి దెబ్బతో వాల్కాట్ తాళ్ల మీదికి ఒరిగిపోయాడు. పన్నెండు రౌండ్ల కాలంలో అది వాల్కాట్ విజయం. 49 పోటీల్లో ఓటమి ఎరుగని యోధుడన్న పేరు మార్సియానోకు వచ్చేదే కాదు. కాబట్టి మార్సియానోను నేటి వారితో పోల్చేవారు అతడి రికార్డును మాత్రమే మోసుకొచ్చి, ఆ రికార్డును పుట్టించిన పదిహేను రౌండ్ల బరిని వదిలేస్తే అది న్యాయమైన పోలిక అనిపించుకోదు. ఎదుటివాడి భుజాల మీదా చేతుల మీదా కూడా ఎడతెరిపి లేకుండా గుద్ది, చివరి రౌండ్లకు అతడు చేతులెత్తలేని స్థితికి తేవడమే మార్సియానో పోరాటానికి పునాది. దానికి సమయం కావాలి. నియమం ఆ సమయాన్ని కోసేస్తే మార్సియానోలో సగభాగాన్ని కోసేసినట్టే.

దేహ పరిమాణం మీద ఆధారపడే వాదం పైకి బలమైనదిగా కనిపిస్తుంది. మార్సియానో పోటీ బరువు దాదాపు 84 కిలోలు, ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. నేటి లెక్కలో అతడు హెవీవెయిట్ కానే కాడు, 90.7 కిలోల పైహద్దు గల క్రూయిజర్‌వెయిట్ తరగతిలోకి వస్తాడు. ఇటీవలి విజేతల్లో టైసన్ ఫ్యూరీ ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు, బరువు 120 కిలోల దరిదాపు. ఇంత తేడా ఉంటే పోటీ ఏమిటని అడిగేవారికి, కేవలం బలప్రదర్శనకూ బాక్సింగ్‌కూ ఉన్న భేదాన్ని గుర్తు చేయాలి. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంచి, కదిలే మోటారు కార్లను పట్టి ఆపి, గుండె మీద ఏనుగును నిలబెట్టుకుని చూపించిన బలానికి ఎదురు మనిషి అవసరం లేదు. ఆ ఏనుగు బరువు ఏ కాలంలోనైనా ఏనుగు బరువే, అందుకే అటువంటి బలశాలులను తరాలు దాటి పోల్చడం తేలిక. బాక్సింగ్‌లో బలం ఎదుటివాడు అనుమతించినప్పుడే పనిచేస్తుంది. 1919లో 85 కిలోల డెంప్సీ తనకంటే పాతిక కిలోలు ఎక్కువ బరువున్న జెస్ విలర్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడగొట్టాడు. అది పాతకాలపు మాట అనుకునేవారికి 2024 మే 18 నాటి రియాద్ పోటీ ఉంది: క్రూయిజర్‌వెయిట్ నుంచి పైకి వచ్చిన ఉక్రెయిన్ బాక్సరు ఒలెక్సాండర్ ఉసిక్, దాదాపు 101 కిలోల బరువుతో, 119 కిలోల ఫ్యూరీని ఓడించి నాలుగు ప్రధాన సంస్థల బిరుదులనూ ఒక్కటి చేశాడు; డిసెంబరులో మళ్లీ ఓడించాడు. ఉసిక్ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, సరిగ్గా అలీ ఎత్తు. కిన్షాసాలో అలీ బరువు 98 కిలోలు. అంటే అలీ దేహంతో నేటి మహాకాయులను ఎదుర్కోలేమన్న వాదం 2024లో బరిలోనే వీగిపోయింది. మార్సియానో విషయంలో మాత్రం అది ఇంకా నిలిచే ఉంది, ఎందుకంటే అతడి చేతి పొడవు కూడా తక్కువ.

ఈ షరతులన్నీ పెట్టాక మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యమే. 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లండ్ విలియమ్స్‌ను మూడు రౌండ్లలో ముగించిన అలీని, 1954 నాటి మార్సియానోను, ఆ కాలపు 15 రౌండ్ల నియమం కింద నిలబెడితే, మొదటి ఎనిమిది రౌండ్లు అలీ ఎడమచేతి జ్యాబులతో, అంటే చెయ్యి చాచి సూటిగా పొడిచే దెబ్బలతో, గడిచిపోతాయి. మార్సియానో దగ్గరికి చొచ్చుకు రావడం మానడు. అతడికి ఓటమి భయమన్నది తెలిసిన దాఖలా లేదు. కానీ 1954 సెప్టెంబరులో ఎజార్డ్ చార్ల్స్‌తో జరిగిన రెండో పోటీలో అతడి ముక్కు చీలి, గాయం వల్ల పోటీ ఆగిపోయే ప్రమాదం ఏర్పడింది, ఎనిమిదో రౌండులో చార్ల్స్‌ను పడగొట్టి అతడు దాని నుంచి బయటపడ్డాడు. చార్ల్స్ కంటే ఎత్తరి, వేగవంతుడు అయిన అలీ అదే చోట పదేపదే పొడిస్తే ఆ గాయం ఇంకా ముందే తెరుచుకుంటుంది, అలీ అన్ని రౌండ్లలో కిందపడే అవకాశమూ తక్కువ. గెలుపు అలీదే. లూయిస్‌తో అయితే ఇంత ధీమాగా చెప్పడం కష్టం. లూయిస్ దెబ్బలు పొట్టివి, ఒకదాని వెంట ఒకటి గొలుసుగా వచ్చేవి, గడ్డం కిందికి చేతులు దించి వెనక్కి వాలే అలవాటున్న అలీకి అవి చాలా అపాయకరం. అయినా చురుకైన కాళ్లు లూయిస్‌ను ఎంత ఇబ్బంది పెట్టగలవో కాన్ పన్నెండు రౌండ్ల పాటు చూపించాడు, అలీ కాన్ కంటే పది కిలోలకు పైగా బరువైనవాడు.

హెవీవెయిట్ తరగతిలో తెలుగువారి పేరు లేకపోయినా, కాలాల పోటీ అన్న ఈ సమస్య తెలంగాణ గడపలోకే వచ్చింది. 1996లో నిజామాబాదులో పుట్టిన నిఖత్ జరీన్ 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయినప్పుడు, మణిపూర్‌కు చెందిన మేరీ కోమ్ అప్పటికే ఐదుసార్లు ప్రపంచ విజేత. ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల తరగతిలో ఎవరిని పంపాలన్న వివాదంలో నిఖత్ ఎంపిక పోటీ కావాలని కేంద్ర క్రీడా మంత్రికి లేఖ రాసింది, 2019 డిసెంబరు 28న దిల్లీలో ఆ పోటీ జరిగింది, మేరీ 9-1 తేడాతో గెలిచింది. ఆ ఫలితం చూసి ఎందరో చర్చ ముగిసిందన్నారు. ముగియలేదని తరువాతి ఏళ్లు చెప్పాయి: 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో థాయ్‌లండ్ బాక్సరు జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి నిఖత్ ప్రపంచ విజేత అయింది, అదే ఏడు బర్మింగ్‌హమ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 2023 మార్చిలో దిల్లీలో 50 కిలోల తరగతిలో రెండో ప్రపంచ బిరుదు అందుకుంది. 2019 నాటి పోటీలో ఉన్నది 36 ఏళ్లు దాటిన మేరీ, 23 ఏళ్ల నిఖత్. ఒకరు శిఖరం దిగుతున్నారు, మరొకరు ఇంకా ఎక్కలేదు. లూయిస్, మార్సియానోల పోటీ వలెనే ఇదీ వయసుల పోటీ. అయితే ఇక్కడ గెలిచింది పెద్ద వయసు కావడం మేరీ అనుభవం ఎంతటిదో చెబుతుంది, నిఖత్ సామర్థ్యానికి హద్దు గీయదు.

ఇద్దరి మేలి కాలాలను కలపాలంటే మేరీని 2010 నుంచి తేవాలి. ఆ ఏడు బార్బడోస్‌లో 48 కిలోల తరగతి చివరి పోటీలో రుమేనియా బాక్సరు స్టెలూటా డూటాను ఆమె 16-6తో ఓడించింది. నిఖత్‌ను 2023 నుంచి, 50 కిలోల తరగతిలో తేవాలి. 16-6 అన్న అంకెకూ 5-0 అన్న అంకెకూ అర్థాలు వేరు. పాత పద్ధతిలో ఐదుగురు నిర్ణేతల్లో కనీసం ముగ్గురు ఒక్క సెకను లోపల మీట నొక్కితేనే ఒక దెబ్బ లెక్కలోకి వచ్చేది, అలా లెక్కకెక్కిన దెబ్బల మొత్తమే ఫలితం. 2013లో వచ్చిన కొత్త పద్ధతిలో ప్రతి నిర్ణేత రౌండు మొత్తం చూసి గెలిచినవారికి 10, ఓడినవారికి 9 లేదా అంతకంటే తక్కువ ఇస్తాడు, చివరి అంకె ఎంతమంది నిర్ణేతలు ఎటు మొగ్గారో చెబుతుంది. మహిళల రౌండ్లు కూడా అప్పట్లో రెండేసి నిమిషాలు, ఇప్పుడు మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. చప్పున లోపలికి దూరి, తేటగా కనిపించే రెండు దెబ్బలు వేసి బయటికి తప్పుకునే మేరీకి పాత మీటల లెక్క, పొట్టి రౌండ్లు కుదిరినంతగా మరే నియమమూ కుదరదు. ఆ నియమాల కింద నాలుగైదు దెబ్బల తేడాతో గెలుపు ఆమెదే. రౌండంతా ముందుకు నడుస్తూ, ఎదుటివారికి బరి ఇరుకు చేస్తూ, సూటి దెబ్బలతో ఒత్తిడి పెంచే నిఖత్‌కు మూడు నిమిషాల రౌండూ, రౌండు మొత్తానికి మార్కులిచ్చే పద్ధతీ కలిసివస్తాయి. ఆ నియమాల కింద మొదటి రౌండు మేరీ తీసుకున్నా, తరువాతి రెండూ నిఖత్ తీసుకుని, ఐదుగురు నిర్ణేతల్లో ముగ్గురి మొగ్గుతో, 3-2గా గెలుస్తుంది.